ముహూర్తానికి వెయ్యని బొమ్మలు

ఒక మనిషి ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏటా ఆత్రంగా ఎదురుచూసిన సంగతి, ఆయన రిటైరైన ఏడాది కూడా ఊరి పక్కనే జరిగింది. ఆ కబురు విని ఆయన "కానివ్వండి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. దీన్ని మీరు విశ్రాంతి అంటారా, జబ్బు అంటారా? తొందరపడి జవాబు చెప్పకండి. మా ఇంట్లో అందరం విశ్రాంతి అనే అనుకున్నాం. ఆ ఒక్క మాట మా నాన్నగారి ప్రాణం మీదికి తెచ్చింది.

నాన్నగారు ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. కొవ్వూరులో మాత్రం అందరూ ఓవర్సీర్ గారనే పిలిచేవారు. వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీయించడం, నీటిని ఆపే లాకు తలుపులకు గ్రీజు పెట్టించడం, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలించడం ఆయన పని. నీళ్ళు వదిలే రోజున విజ్జేశ్వరం దగ్గర పసుపు కుంకుమలు చల్లి కొబ్బరికాయ కొడతారు. అంతటితో మిగతావాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. నాన్నగారు మాత్రం మోపెడ్ మీద గట్టు వెంబడి నీళ్ళతో పాటు వెళ్ళేవారు. ఎండిన కాలవలో ఎండుటాకులను, నురగను నెట్టుకుంటూ నీళ్ళు ముందుకు పాకడం చూసి సాయంత్రానికి ఇంటికొచ్చి, ఎక్కడెక్కడ ఆగాయో, ఎక్కడ పరుగెత్తాయో అమ్మకు అప్పజెప్పేవారు.

గోదావరి పుష్కరాలు అయిన మరుసటి ఏడాది ఆయన రిటైరయ్యారు. ఆ జూన్‌లో ఒక ఉదయం పక్కింటి సూర్యారావు గారు గుమ్మంలోంచే కేకేశారు.

"ఓవర్సీర్ గారూ! నీళ్ళొదిలారటండీ. బండి తీస్తారా, నేనూ వస్తాను!"

"కానివ్వండి," అన్నారు నాన్నగారు మంచం మీద నుంచి. ఆ వెంటనే అటు తిరిగారు.

నేను అప్పుడు రాజమండ్రిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. రోజూ వంతెన మీదుగా బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. కాలేజీ తరఫున వాదోపవాద పోటీలకు వెళ్ళడం అలవాటు. ఆధారం చూపకుండా ఏ మాటనూ ఒప్పుకోకూడదని మా మాస్టారు నేర్పారు. ఆ ఉదయం నాన్నగారి మాట నాకు ఆధారంలాగే వినిపించింది. దేనికి ఆధారమో మాత్రం తెలియలేదు.

మొదట గ్యాస్ అనుకున్నాం. మా వైపు గుండె దగ్గర నుంచి మోకాలి దాకా ఎక్కడ ఏం వచ్చినా మొదట పెట్టే పేరు గ్యాసే. ఆయనకు అన్నం సహించేది కాదు. చింతచిగురు పప్పు ముందు పెట్టుకుని రెండు ముద్దలు తిని, "రుచి తెలీడం లేదే" అనేవారు. అమ్మ ఉప్పు వేసేది, పులుపు వేసేది, చివరికి కొత్త చింతచిగురు తెప్పించేది. తెల్లవారకముందే మెలకువ వచ్చేసి, ఇంక నిద్రపట్టక, గుండె దడగా ఉందని కూర్చునేవారు. చొక్కాలు వదులయ్యాయి. పేపరు చేతిలోకి తీసుకుని అదే పేజీ చూస్తూ ఉండిపోయేవారు.

మా బాబాయి, అంటే నాన్నగారి తమ్ముడు, ఆత్రేయపురంలో వ్యవసాయం చేస్తాడు. వచ్చినప్పుడల్లా పూతరేకుల పొట్లంతో వస్తాడు. "ఏంటి వదినగారూ, అంత కంగారు! ఎండనకా వాననకా గట్ల మీద తిరిగిన మనిషి. ఇన్నాళ్ళకి కాస్త నడుం వాల్చాడు. వాల్చనివ్వండి," అన్నాడు. ప్రేమతో అన్నమాటే. ఆ మాట మా అందరికీ హాయిగా కూడా ఉంది. ఎందుకంటే అది నిజమైతే మేం చేయాల్సిందేమీ ఉండదు.

దడ తగ్గకపోవడంతో రాజమండ్రిలో పరీక్షలు మొదలుపెట్టాం. ఈసీజీ తీశారు. టూడీ ఎకో, షుగరు, థైరాయిడ్ చేశారు. అన్నం సహించడం లేదంటే ఎండోస్కోపీ కూడా అయింది. ప్రతి చోటా ఒకటే మాట: "అంతా నార్మలేనండి." ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ దణ్ణం పెట్టుకునేది. నాన్నగారు ఇంకొంచెం కుంగిపోయేవారు. జబ్బు లేదని తేలితే ఇక తప్పంతా తనదేనని ఆయన అనుకునేవారు.

"మరి నాకేంటండీ ఇది?" అని ఒక డాక్టరును అడిగారు.

"ఏమీ లేదండి. ధైర్యంగా ఉండండి."

బయటికి వచ్చాక నాన్నగారు నాతో మెల్లగా అన్నారు: "ధైర్యం ఉంటే ఇక్కడికెందుకు వస్తామమ్మా?"

అమ్మ అన్నవరం మొక్కుకుంది. కొండ మీద సత్యనారాయణ వ్రతంలో దంపతుల వరసలో ఇద్దరూ కూర్చున్నారు, నేను వెనక కూర్చున్నాను. పంతులుగారు గోత్రం చెప్పమన్నారు. నాన్నగారి నోరు తెరుచుకుంది కానీ మాట రాలేదు. పుట్టినప్పటి నుంచీ చెప్పుకుంటున్న గోత్రం ఆయనకు తట్టలేదు. అమ్మ అందించింది. చుట్టూ ఉన్నవాళ్ళు అలసట అనుకుని ఉంటారు. నేను నాన్నగారి మెడ మీద పట్టిన చెమట చూశాను. విశ్రాంతి తీసుకుంటున్న మనిషి ఇలా ఉండడు. మా ఇంట్లోవాళ్ళు చెబుతున్న కారణాలకూ, నా కళ్ళ ముందున్న మనిషికీ పొంతన లేదని ఆ రోజు తేల్చుకున్నాను.

తిరిగి వచ్చాక గుండె డాక్టరుగారి దగ్గరికి ఒక్కదాన్నే రిపోర్టులు పట్టుకుని వెళ్ళాను. ఆయన వాటిని పక్కన పెట్టేశారు.

"ఇవి కాదమ్మా. మీ నాన్నగారు చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అన్నారా?"

"అనలేదండి."

"మీరు అడిగారా?"

లేదని తల అడ్డంగా ఊపాను. ఆయన చీటీ మీద ఒక సైకియాట్రిస్టు పేరు రాసిచ్చారు.

అమ్మ చీటీ చూసి తిరిగి నా చేతిలోనే పెట్టేసింది. "పిచ్చి డాక్టరు దగ్గరికా? మీ నాన్నకి పిచ్చేంటే? అంతమంది కూలీల చేత గట్లు వేయించిన మనిషికి!"

బాబాయి ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "వదినగారన్నదాంట్లో తప్పేముందమ్మా? ఆ బోర్డు కింద మనవాళ్ళెవరైనా చూశారంటే మనం వంతెన దాటేలోగా నిడదవోలు దాకా తెలిసిపోద్ది. రేపు నీకు సంబంధాలు చూడాలి. అది కూడా ఆలోచించు."

"గుండె డాక్టరు బోర్డు కింద నిలబడ్డాం బాబాయ్, పరువు పోలేదు. పొట్ట డాక్టరు బోర్డు కిందా నిలబడ్డాం, పోలేదు. తల కూడా ఒంట్లోదేగా? దాని దగ్గరకొచ్చేసరికి పరువెందుకు పోతుంది?"

"నీతో మాట్లాడి నెగ్గినవాడెవడే! ఆ కప్పులన్నీ ఊరికే ఇచ్చారా నీకు!"

గదిలోంచి నాన్నగారి గొంతు వినపడింది. "గొడవ పడకండ్రా. ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికొస్తాను." ఆ మాటలో ఒప్పుకోలు లేదు. కాదనడానికి కూడా ఓపిక లేకపోవడం ఉంది. నేను వాదించి గెలవలేదు. ఆయన అలసిపోయి వచ్చారు.

ఆ డాక్టరుగారు మధ్యవయసు ఆవిడ. నాన్నగారిని కూర్చోబెట్టి, కాలవల గురించి, ఉద్యోగం గురించి అడిగాకగానీ జబ్బు సంగతికి రాలేదు. నిద్ర, ఆకలి, దడ అన్నీ విన్నాక నాన్నగారే అన్నారు: "నాకు బద్ధకం పట్టుకుందండి. అంతే. వీళ్ళు ఊరికే కంగారు పడుతున్నారు."

"బద్ధకస్తుడికి పడుకుంటే హాయిగా ఉంటుందండి. మీకు హాయిగా ఉంటోందా?"

"లేదండి."

"అయితే మీది బద్ధకం కాదు. దీన్ని డిప్రెషన్ అంటాం. జబ్బే. మందుంది."

ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను మొదటిసారి చూశాను. తనకు జబ్బుందని విని ఒక మనిషి అంత తేలికపడగలడని అంతకుముందు నాకు తెలియదు.

మాత్రలు రాశారు. మొదట్లో కడుపులో వికారంగా ఉండొచ్చని, గుణం కనపడడానికి కొన్ని వారాలు పడుతుందని, ఈలోగా విసుగుపుట్టి ఆపకూడదని చెప్పారు. నన్నూ అమ్మనూ విడిగా పిలిచి మరికొన్ని చెప్పారు. "ఆయన్ని ఒంటరిగా వదలకండి. మాత్రలు మీ దగ్గరే ఉంచుకుని ఏ పూటకాపూట ఇవ్వండి. పొలం మందుల్లాంటివి ఇంట్లో ఉంటే ఇవాళే తీయించేయండి. అనుమానం వస్తే ఆయన్నే సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని."

"అమ్మో, అలా అడిగితే లేని ఆలోచన పుట్టదా అండీ?" అంది అమ్మ.

"పుట్టదండి. ఉన్న ఆలోచన బయటికొస్తుంది. ఒక్కళ్ళే మోస్తున్న బరువు ఇద్దరి మీదికొస్తుంది."

నెల గడిచేసరికి నిద్ర కొంచెం కుదిరింది. మనిషిలో ఉత్సాహం మాత్రం లేదు. రివ్యూకి వెళ్ళినప్పుడు డాక్టరుగారు అడిగారు, రోజంతా ఏం చేస్తున్నారని.

"చెయ్యడానికేముందండీ?"

"ఉద్యోగంలో చేతులతో ఏం చేసేవారు?"

"లాకుల స్కెచ్‌లు, కాలవ సెక్షన్లు గీసేవాణ్ణండి. అదీ స్కేలుతో."

"మళ్ళీ గీయండి. ఈసారి రంగులు కూడా వెయ్యండి. చెయ్యాలనిపించాక మొదలుపెడదాం అనుకోకండి. ఈ జబ్బులో ముందు చెయ్యడం, తర్వాత అనిపించడం. రోజూ కాఫీ అయ్యాక ఒకే వేళకి కూర్చోండి. బొమ్మ వచ్చిందా రాలేదా అన్నది నాకు అక్కర్లేదు." నావైపు తిరిగి, "బాగుందనీ బాగాలేదనీ మీరెవరూ తీర్పు చెప్పకూడదు. మీరు మరీను, డిబేట్ల మనిషి," అన్నారు.

ఆ సాయంత్రమే రాజమండ్రి మెయిన్ రోడ్డులో డ్రాయింగ్ షీట్లు, పోస్టర్ కలర్ల పెట్టె, కుంచెలు కొని బస్సెక్కాను. మర్నాడు కాఫీ అయ్యాక నాన్నగారు షీటు పరుచుకుని, ముందు స్కేలుతో నాలుగువైపులా మార్జిను కొట్టారు. కింద కుడిమూలలో పేరు, స్కేలు రాయడానికి చిన్న గడి గీశారు. దాంతో అలసిపోయి లేచిపోయారు. మొదటిరోజు బొమ్మ అదే. రెండోరోజూ దాదాపు అంతే. కొన్నాళ్ళకు ఆ మార్జిన్ల మధ్యలోకి లాకు వచ్చింది, రెండు గట్లు వచ్చాయి. నీళ్ళు వెయ్యాల్సిన రోజున ఆయన నీలం సీసా మూత తీసి, కుంచె ముంచి, ఆగిపోయారు.

"ఏంటమ్మా ఈ రంగు?"

"నీలం నాన్నా. నీళ్ళకి అదేగా."

అమ్మ బియ్యం ఏరుతూ అందుకుంది. "కేలండర్లలో నీలంగానే వేస్తారు కదండీ."

"కేలండర్లవాళ్ళు ఏ కాలవ తలుపులెత్తారే? జూన్‌లో వదిలిన నీళ్ళు పాకురు రంగులో ఉంటాయి. శ్రావణం వచ్చేసరికి వరద ఎర్రనీరు. కార్తీకానికి తేరుకుంటాయి. వీటిలో ఏ నీళ్ళు వెయ్యమంటావో చెప్పు. ఊరికే నీలం, నీలం!"

అమ్మ చేట కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్నగారు ఆమెతో దెబ్బలాడి ఎన్నాళ్ళయిందో. ముఖం కడుక్కుని తిరిగొచ్చి, "ఎర్రనీరు వెయ్యండి. నాకదే ఇష్టం," అంది.

ఆ ఎర్రనీరు ఆయనను చాలా రోజులు ముప్పుతిప్పలు పెట్టింది. గోధుమరంగులో పసుపు కలిపితే మట్టిలా వచ్చేది, ఎరుపు కలిపితే ఇటుకలా వచ్చేది. ఒక ఉదయం ధ్యాసలో పడి కుంచెను కాఫీ గ్లాసులో ముంచి, రంగునీళ్ళ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళారు. అమ్మ కేకతో ఆగారు. కాఫీలో ముంచిన కుంచె షీటు మీదికి వెళ్ళింది.

"ఒసేయ్, ఇటు రా! ఇదే! నీ కాఫీయే ఎర్రనీరు!"

"నా కాఫీని అంత మాటంటారా!"

ముగ్గురం నవ్వాం. ఆయన ఆ పూట అన్నం రెండోసారి వడ్డించుకున్నారు. పప్పులో ఉప్పు ఎక్కువైందని కూడా అన్నారు. అంతకంటే మంచి రిపోర్టు నేను అప్పటిదాకా ఏ ల్యాబ్ నుంచీ తీసుకోలేదు.

ఈ కథ ఇక్కడితో అయిపోయిందని చాలామంది చుట్టాలు ఇప్పటికీ చెబుతుంటారు: రంగులు పట్టాడు, బాగుపడ్డాడు. అది నిజం కాదు. నేను ఇది రాయడానికి కారణమే, ఆ తర్వాత జరిగినది.

బాబాయి వచ్చి గోడకు ఆనించిన లాకు బొమ్మ చూసి ఉప్పొంగిపోయాడు. "అన్నయ్యా! ఇన్నాళ్ళూ ఈ విద్య ఎక్కడ దాచావ్? వచ్చేనెల మా బావమరిది గృహప్రవేశం. సత్యనారాయణస్వామి బొమ్మ వేసిచ్చావంటే, ఫ్రేము కట్టించి నేనే పట్టుకెళ్తాను."

"అలాగేలేరా," అన్నారు నాన్నగారు.

గోదావరి జిల్లాల్లో పుట్టినవారికి ఆ "అలాగే" సంగతి చెప్పనక్కర్లేదు. శుభకార్యానికని అడిగితే లేదనడం మాకు తెలియదు. లేదంటే అడిగినవాళ్ళ శుభానికే అడ్డు చెప్పినట్టు. కాబట్టి ఆ బొమ్మ సంగతి తెలిసి సూర్యారావు గారు తన కూతురి ఇంటికి లక్ష్మీదేవిని అడిగారు. అలాగేనండి. అమ్మ తరఫు చుట్టాలు పెళ్ళికి రాధాకృష్ణులను అడిగారు. అలాగేనమ్మా. ఒక్కొక్క బొమ్మకూ ఒక్కొక్క ముహూర్తం. నీళ్ళూ తలుపులూ గీయగల మనిషి దేవుడి ముఖం దగ్గర ఆగిపోయారు. కళ్ళు గీయడం, చెరపడం, మళ్ళీ గీయడం. కాగితం చిరిగిపోయేదాకా అదే. "కళ్ళు తప్పితే వాళ్ళింటికి దోషమమ్మా," అనేవారు. కాఫీ అయ్యాక మొదలుపెట్టింది సాయంత్రం దాకా సాగేది. అది చూసి మేం శ్రద్ధ అని మురిసిపోయాం.

అదే సమయంలో బాబాయి అమ్మతో అన్నాడు: "మనిషి బంగారంలా తిరుగుతున్నాడు. ఇంకా ఆ మత్తుమాత్రలెందుకు వదినా? బొమ్మలే మందు." అమ్మకూ లోలోపల ఆ కోరిక ఉంది. మాత్రల డబ్బీ బీరువాలో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఏదో దాస్తున్నట్టే ఆమెకు ఉండేది. నాన్నగారు కూడా సరేనన్నారు. నేను పోటీలకు విశాఖపట్నం వెళ్ళిన వారంలో మాత్రలు ఆగిపోయాయి. తిరిగొచ్చాక నాకెవరూ చెప్పలేదు. చెబితే వాదిస్తానని.

కొన్ని వారాల తర్వాత, బాబాయి బావమరిది గృహప్రవేశం ఇంకా రెండు రోజులుందనగా, ఉదయం నాన్నగారి గదిలోకి కాఫీ తీసుకెళ్ళాను. ఆయన షీటు ముందు కూర్చుని ఉన్నారు. స్వామివారికి కిరీటం ఉంది, పూలదండ ఉంది, ముఖం ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. నిద్రలేని కళ్ళు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నారు.

"నావల్ల కాలేదమ్మా. వాళ్ళ శుభం చెడగొట్టాను. నేనుండి ఎవరికి ఉపయోగం చెప్పు?"

డాక్టరుగారు చెప్పిన ప్రశ్న గుర్తొచ్చింది. అడగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. గ్లాసు కింద పెట్టి ఆయన చేయి పట్టుకున్నాను.

"నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

ఆయన నావైపు చూడలేదు. "అనిపిస్తోందమ్మా," అన్నారు.

నేను ఆ చేయి వదలకుండానే అమ్మను పిలిచాను. సూర్యారావు గారు కారు మాట్లాడి తెచ్చారు. ఆయన లక్ష్మీదేవి ఊసు ఎత్తలేదు. అరగంటలో బయల్దేరాం. దారిలో అమ్మ మాత్రల సంగతి ఏడుస్తూ చెప్పింది.

డాక్టరుగారు అడ్మిట్ చేసుకున్నారు. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి, డోసు మార్చారు. నాన్నగారు కాస్త కుదుటపడ్డాక మా అందరినీ కూర్చోబెట్టారు. బాబాయి కూడా గృహప్రవేశం ఎగ్గొట్టి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"మాత్రలు ఎవరు ఆపమన్నారండి?"

"నేనేనండి," అన్నాడు బాబాయి. "బొమ్మలతో బాగయ్యాడు కదాని..."

"బీపీ మాత్ర వేసుకుంటూ రోజూ నడక మొదలుపెట్టారనుకోండి. బీపీ దిగింది. నడుస్తున్నాను కదాని మీ అంతట మీరే మాత్ర మానేస్తారా?"

"మాననండి."

"ఇదీ అంతే. బొమ్మ నడకలాంటిది. మాత్ర చేసే పని మాత్ర చెయ్యాలి, బొమ్మ చేసే పని బొమ్మ చెయ్యాలి. ఆపే రోజు వస్తే నేనే చెప్తాను, కొంచెం కొంచెంగా తగ్గిస్తాను. ఒక్కసారిగా ఆపితే ఇలా జబ్బు తిరగబెట్టొచ్చు. ఇంకొకటి. ఆయనకి నేను బొమ్మ రాశాను. మీరు దాన్ని ఉద్యోగం చేశారు. ముహూర్తాలతో సహా."

"అయితే ఇకమీదట అడిగినవాళ్ళకి నేనే లేదని చెప్పేస్తానండి," అన్నాను.

"వద్దు. ఆయన చెప్పాలి. మీరు చెబితే ఆయన అలాగే ఉండిపోతారు."

వార్డులో ఖాళీ మధ్యాహ్నాల్లో మాకు అదే పని అయింది. నేను మంచం పక్కన నిలబడి బాబాయి గొంతు పెట్టేదాన్ని.

"అన్నయ్యా, ఒక్క వినాయకుడు. చిన్నదే. అరచేయంత."

"చూద్దాంలేరా."

"ఓడిపోయారు. 'చూద్దాం' అంటే మా వాళ్ళకి 'అలాగే' అనే అర్థం."

"వీలు కుదిరితే..."

"మళ్ళీ ఓడారు. కుదిరిందా అని రోజూ ఫోన్ చేస్తాడు."

"మరి ఏమనాలే?"

"వెయ్యను అనండి."

"మొహం మీదే?"

"మొహం మీదే."

పక్క మంచం మీదున్న పెద్దాయన అటెండరుతో, "ఆ పిల్ల వాళ్ళ నాన్నకి పొగరు నేర్పుతోందండీ," అన్నాడు. నాన్నగారు అది విని నవ్వారు. ఆస్పత్రిలో ఆయన మొదటి నవ్వు అదే.

ఇంటికొచ్చాక కుంచె పట్టడానికి భయపడ్డారు. డాక్టరుగారు తొందరపెట్టలేదు, మేమూ అడగలేదు. వర్షాలు మొదలయ్యాక ఒకరోజు ఆయనే కొత్త షీటు తీసి, ఈసారి మార్జిను కొట్టకుండానే, ఎర్రనీరు వెయ్యడం మొదలుపెట్టారు. గట్టు లేదు, లాకు లేదు. ఉత్త నీళ్ళే.

అసలు పరీక్ష ఆ శీతాకాలంలో వచ్చింది. బాబాయి కొడుకు నిశ్చితార్థం కుదిరింది. బాబాయి, పిన్ని, పెళ్ళికూతురి మేనమామ మా ఇంటికి పిలుపుకి వచ్చారు. బాబాయి బొమ్మల ఊసు ఎత్తడు, నాకు తెలుసు. ఆ మేనమామగారికి మాత్రం ఏమీ తెలియదు. గోడ వారగా ఉన్న షీట్లు చూశారు.

"మీరే వేశారాండీ? అద్భుతం బావగారూ! పిల్లకి మీ చేత్తో సీతారాములు వేసిచ్చారంటే ఇంతకంటే ఆశీర్వాదం ఏముంటుందండీ! కాదనకూడదు మరి."

పిన్ని కప్పు సాసరులో చప్పుడైంది. బాబాయి ఏదో అనబోయి నన్ను చూసి ఆగాడు. అక్కడ "అలాగేనండి" అంటే మళ్ళీ ఎక్కడ తేలుతామో మా ఇంట్లో అందరికీ తెలుసు.

నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వెయ్యనండి," అన్నారు.

"అదేంటండీ?"

"నాకు ఒంట్లో బాగులేనప్పుడు డాక్టరుగారు ఈ బొమ్మలు వెయ్యమన్నారు. ఇవి నా మందులో భాగం. నా మందు మీకెలా ఇస్తాను చెప్పండి? అమ్మాయికి ఆశీర్వాదం అంటారా, ఎదురుగా వచ్చి రెండు చేతులతో ఇస్తాను."

మేనమామగారు తడబడ్డారు. "అయ్యో, తెలీదండి. ఏం జబ్బండీ?"

"డిప్రెషన్," అన్నారు నాన్నగారు. మోకాళ్ళ నొప్పులు అన్నంత మామూలుగా.

అమ్మ నా వైపు చూసింది. సంబంధాల గురించి ఆమె భయం ఇంకా పూర్తిగా పోలేదు. అయినా ఆమె లేచి, నాన్నగారి పక్కన వచ్చి నిలబడి, "ఇప్పుడు బాగానే ఉన్నారండి. మాత్రలు వాడుతున్నారు. కాఫీ ఇంకొంచెం పొయ్యనా?" అంది.

బాబాయి గట్టిగా ఊపిరి వదిలాడు. "ఏం ఫర్వాలేదండీ బావగారూ. సీతారాములు లేకపోతే గోడగడియారం కొందాం."

"మా తమ్ముడి గృహప్రవేశానికి ఎన్ని గడియారాలొచ్చాయో!" అంది పిన్ని. "ఏ గదిలో చూసినా టైమే."

ఆ నవ్వుల్లో మాట మారిపోయింది. ఎవరి శుభమూ చెడలేదు. ఆ పెళ్ళి చక్కగా జరిగింది, నాన్నగారు వెళ్ళి రెండు చేతులతో అక్షింతలు వేశారు.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. నేను ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో పాఠం చెబుతున్నాను. డాక్టరుగారు మాత్రల డోసు చాలా నెమ్మదిగా తగ్గించారు. ఒక మాత్ర ఇంకా కొనసాగుతోంది. రివ్యూలకు నాన్నగారు తనే బస్సెక్కి వెళ్ళొస్తారు. నిద్ర తగ్గిన వారం ఏదైనా వస్తే ఆయనే ముందు చెబుతారు, దాచరు. కాఫీ తర్వాత రంగులు మామూలే. పూర్తయిన బొమ్మ మీద ఆయనకు పెద్ద మమకారం లేదు. అమ్మ వాటిని వంటింటి అరల్లో పరుస్తుంది. మా ఆవకాయ జాడీ కింద ఒక కార్తీకమాసపు కాలవ ఉంది. ఎవరైనా అయ్యో అంటే, "రేపు ఇంకోటి వేస్తానండి," అంటారాయన.

మా అనుభవంలోంచి చదివేవారికి చెప్పదగిన సలహా ఒక్కటే. బొమ్మలైనా, పాటలైనా, మొక్కలైనా మనసును నిలబెట్టేది ఏది దొరికినా పట్టుకోండి. కానీ అది దొరికిందని మందు మానకండి. ఆపాలా వద్దా అన్నది ఆ మందు రాసిన డాక్టరునే అడగండి, ఇంటికొచ్చిన చుట్టాన్ని కాదు.

ఇక మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. మీ ఇంట్లో ఈమధ్య రిటైరైనవారు ఉంటే, ఈ పేజీ పక్కన పెట్టి వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చోండి. నిద్ర పడుతోందా, తిన్నది రుచిస్తోందా అని అడగండి. జవాబు మీకు నచ్చకపోతే అక్కడ ఆగకండి. బతకాలనిపిస్తోందా అని కూడా అడగండి. లేదని జవాబొస్తే చేయి వదలకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అనిపిస్తోందంటే ఇద్దరూ కలిసి కాఫీ తాగండి. ఏదైనా సరే, అడగడం మాత్రం రేపటికి వాయిదా వెయ్యకండి.